అందరి ఆలస్యం నబీ భాయ్ నోట

గులాం నబీకి ఇటాలియన్ వచ్చని గల్ఫ్‌లో మా రుస్తాఖ్ రోడ్డు పని క్యాంపులో అందరూ గొప్పగా చెప్పుకునేవారు. ఏం వచ్చు, నా తలకాయ! అతనికి వచ్చింది ఆలస్యం గురించి మాట్లాడటం ఒక్కటే. డెబ్బై ఆరులో నేను ఆ క్యాంపులో కాంపౌండర్ని. మందుల గది కిటికీలోంచి ఆ తంతు రోజూ చూసేవాణ్ని.

నబీది కడప. మొదట్లో ఓ ఇటలీ సర్వేయరుకు జీపు నడిపేవాడు. ఆ సర్వేయరు జన్మలో వేళకు ఎక్కడికీ చేరిన మనిషి కాడు. వైర్‌లెస్‌లో ఎవరు పిలిచినా "అర్రీవో, అర్రీవో" అనేవాడు, అంటే వచ్చేస్తున్నానని. అప్పటికింకా గడ్డం గీసుకుంటూ ఉండేవాడు. "ఫ్రా పోకో" అంటే కాసేపట్లో అని. ఆ కాసేపు మధ్యాహ్నం భోజనాల దాకా సాగేది. తీరా చేరాక గుండె మీద చెయ్యి వేసుకుని, "స్కూజీ ఇల్ రితార్దో", ఆలస్యానికి మన్నించండి, అని ఎంత మర్యాదగా అనేవాడంటే అవతలివాడి కోపం అక్కడికక్కడే దిగిపోయేది. స్టీరింగు పట్టుకుని నబీ ఇవన్నీ నేర్చేసుకున్నాడు.

సర్వేయరు వెళ్ళిపోయాడు. నబీని నీళ్ళ ట్యాంకరు మీద వేశారు. బ్రూనో అని ఇంకో ఇటలీవాడు కొత్త బాసుగా వచ్చాడు. ఇంగ్లీషు రాదు, హిందీ రాదు, ఎవరైనా లేటంటే మాత్రం మండిపడేవాడు. ఓ పొద్దున కరీంనగర్ కొండయ్య బాగా లేటుగా లేచి వణికిపోతుంటే, నబీ జాలిపడి వెంటబెట్టుకెళ్ళి, గుండె మీద చెయ్యి వేసి ఆ మన్నింపు మాట చెప్పాడు. బ్రూనో మెత్తబడ్డాడు. ఇంకేముంది! అదే ఆచారమైపోయింది. లేటైనవాడు వచ్చి నబీ వెనక నిలబడటం, నబీ చెప్పడం. నిద్రపోయింది ఒకడు, మన్నించమనేది ఇంకొకడు. నాకు ఒళ్ళు మండేది.

నబీ మాత్రం తెల్లవారకముందే ఫజర్ నమాజుకు లేచి, క్యాంపు లేచేసరికి ట్యాంకరు నింపుకొచ్చేవాడు. ఒక్కనాడూ ఆలస్యం కాలేదు. బండి దిగీ దిగగానే ఎవడో ఒకడు వచ్చి చొక్కా పట్టుకు లాగేవాడు.

"విసుగు పుట్టిపాయ సార్," అని ఓసారి నా గదిలో కూలబడ్డాడు. "ఒక్క తూరి ఊరికి పోయొస్తే చాలు. నేనిక్కడికొచ్చినాక పుట్టె బిడ్డ. మొగమే చూడలే. మహమూదాకు మాటలు గూడా వచ్చినాయంట."

ఆ సెలవు కోసమే అతను ఒళ్ళు వంచి పనిచేశాడు. సెలవుల విడత రానే వచ్చింది. ఈ విడత తప్పితే మళ్ళీ ఏడాదికి. సెలవుకు ఎవర్ని పంపాలో చెప్పేది బ్రూనో. నలుగురి పేర్లు చెప్పాడు. అందులో నబీ లేడు.

ఎందుకు లేడో ఇటలీ వంటవాడు నాకు వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. రోజూ లేటయ్యేవాడికి సెలవొకటా అన్నాడట బ్రూనో. పొద్దున్నే తన ముందు నిలబడి మన్నించమనే మొహం ఒక్కటే అతనికి గుర్తు. వెనక ఎవరున్నారో ఎన్నడైనా చూశాడా?

ఈ సంగతి కొండయ్యకు చెప్పాను. కావాలనే చెప్పాను. వాడి మొహం నల్లబడిపోయింది. నబీ చెయ్యి పట్టుకుని నేరుగా బ్రూనో గదికి లాక్కెళ్ళాడు. నేనూ వెళ్ళాను. ఆ పూట కొండయ్య ముందు, నబీ వెనక.

"ఇయో రితార్దో," అన్నాడు కొండయ్య గుండె గుద్దుకుంటూ. లేటు నేను అని. ఇన్నాళ్ళూ వెనక నిలబడి విన్న మాటలే. "నబీ నో! నబీ నో రితార్దో!"

బ్రూనో మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూశాడు. అర్థమయ్యాక లేచి నిలబడ్డాడు. పేర్లు రూవిలో ఉన్న హెడ్డాఫీసుకు వెళ్ళిపోయాయని, విమానం టికెట్లు కూడా అయిపోయాయని చేతులతో చూపించాడు.

"ట్రోప్పో తార్ది," అన్నాడు నబీతో, తల దించుకుని.

మరీ ఆలస్యమైపోయిందని. నబీకి ఒకరు చెప్పక్కర్లేదు కదా. గోడకు ఆనుకున్నాడు. నాకైతే ఏడుపొచ్చింది.

"ఏమన్నడు నబీ భాయ్?" కొండయ్య ఆత్రంగా అడిగాడు. "పంపిస్తడంటనా? నా వల్లనే ఆగిందా?"

నబీ వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ వల్ల ఏం లేదప్పా. నేనే లేటుగా అడిగినానంట. నువ్వు డ్యూటీకి పో."