కొండగాలికి వీపు తిప్పిన ఇల్లు

తాపీమేస్త్రి ప్రేమదాసు తొలి గెలుపు నల్లపాడులో కట్టిన గుండ్రటి నీళ్ల ట్యాంకు. రెండుసార్లు చెమ్మ దిగితే రెండుసార్లూ తన చేత్తోనే పగలగొట్టి మళ్లీ కట్టాడు. ఆ తర్వాత ఒంగోలులో చర్చి పోర్టికో, పేట రోడ్డులో పత్తి గోడౌను, ఎన్నని చెప్పాలి! ఎవరు మెచ్చుకున్నా ఆయన మాట ఒక్కటే. "ఈ చేతికి తాపీ ఇచ్చింది హుస్సేన్ సాహెబ్ గారండీ." ఊరవతలి పల్లె కుర్రాణ్ణి సిమెంటు బొచ్చెలు మొయ్యడానికి తప్ప పిలవని రోజుల్లో, ఆ పెద్దమేస్త్రి ప్రేమదాసును తన పక్కన నిలబెట్టుకుని గోడ కట్టించాడు, తన క్యారేజీలో అన్నం సగం పెట్టాడు.

1985 ఎండాకాలంలో ఆ సాహెబ్‌కే కష్టం వచ్చింది. పని మానేశాక ఆయనా, భార్య సర్దార్‌బీ సింగరాయకొండకు పడమటగా ఒక కొండ మీద దర్గా చూసుకుంటూ, సాయంత్రం దీపం పెట్టుకుంటూ బతుకుతున్నారు. సముద్రం మీంచి వచ్చే గాలికి ఏటా ఇంటి రేకులు లేచిపోయేవి. ఆ ఏడు రేకు ఎగిరి సర్దార్‌బీ భుజం మీద పడింది. కూతురు మాబూబీ ఒంగోలు నుంచి వచ్చి తెగేసి చెప్పింది.

"ఇంకొక్కసారి కప్పు లేచిందంటే ఇద్దర్నీ మా ఇంటికి తీసుకుపోతా నాన్నా. దీపం ఇంకెవరైనా పెట్టుకుంటారు."

సాహెబ్ ఆ పూట అన్నం ముట్టలేదని విని ప్రేమదాసు కొండెక్కాడు.

"మూల ఉంటే గాలికి పట్టు దొరుకుతుంది మేస్త్రిగారూ. మూలలే లేకుండా కాంక్రీటుతో కడతా."

"ఏరా, ముసలోళ్లని కుండలో కాపురం చెయ్యమంటావా?"

"కుండ కాదు, కల్లంలో మిరపకాయల రాశి. గాలి వైపు వాలుగా పోసి పట్టా కప్పితే రాశి ఎప్పుడన్నా లేచిపోయిందా?"

"మిరపరాశిలో పడుకుంటే తెల్లార్లూ తుమ్ములే కదా నాయనా" అంది సర్దార్‌బీ.

ముందు బంకమట్టితో చిన్న ఇల్లు చేసి కొండ అంచున బండ మీద పెట్టాడు. గోడౌను నుంచి తెచ్చిన పత్తి పింజలు ఒక్కొక్కటే గాలికి వదిలాడు. కొన్ని ఇంటి మీదుగా జారిపోయాయి. కొన్ని తిన్నగా వాకిట్లోంచి లోపలికి దూరి గిరగిరా తిరిగాయి.

"గాలి మనకంటే ముందే గృహప్రవేశం చేసేట్టుందే" అంది సర్దార్‌బీ.

ప్రేమదాసు తల గోక్కున్నాడు. మైదానంలో ఏ ఇల్లు కట్టినా తూర్పు వాకిలే. అలవాటు కొద్దీ ఇక్కడా అటే పెట్టాడు, సముద్రానికి ఎదురుగా. ఇంటికి పడమట మాత్రం పింజలు కదలకుండా పడున్నాయి. వాకిలి అక్కడికి మార్చి, తూర్పు వీపు ఇంకా వాలుగా దిద్దాడు. మళ్లీ వదిలిన పింజల్లో ఒక్కటీ లోపలికి పోలేదు.

"పడమటి వాకిలా?" సాహెబ్ దర్గా వైపు తిరిగి చూశాడు. "మంచిదే. పడుకున్నచోటి నుంచే దర్గా దీపం కనపడుద్ది."

ఒంగోలు ఇంజనీరు వెంకటనారాయణ గారు కొండెక్కి వచ్చి, ఎంత లావు ఊచలు వెయ్యాలో చెప్పిపోయారు. ఆయన మేలు మరవకూడదు. ఇల్లంత మట్టిరాశి పోసి, దాని మీద ఊచలూ ఇనుపవలా పరిచారు. ప్రేమదాసు వెంట వచ్చిన చర్చివాళ్లూ దర్గావాళ్లూ వరసగా నిలబడి బొచ్చెలు అందించుకుంటే, పొద్దుగూకేలోపు కాంక్రీటు కప్పేశారు. అది బాగా గట్టిపడ్డాక లోపలి మట్టంతా వాకిట్లోంచే తవ్వి పోశారు.

మరుసటి ఏడు కార్తీకంలో పెద్ద గాలివాన వచ్చింది. అప్పుడు ప్రేమదాసు నల్లమలలో అలాంటిదే ఇంకో ఇల్లు కడుతున్నాడు. రేడియోలో వార్త విన్నప్పటి నుంచీ ఆయన చెయ్యి పనిలో నిలవలేదు. చివరికి లారీ డ్రైవరు ఆదాం కబురు తెచ్చాడు. వాన తగ్గీ తగ్గగానే మాబూబీ కొండెక్కితే, అమ్మ పొయ్యి మీద టీ కాస్తోందట, నాన్న దీపం వత్తులు చేసుకుంటున్నాడట. ఇక కిందికి రమ్మని అడగనని ఆమే చెప్పిందట.

"సాహెబ్ గారు ఏమన్నారు?"

"గాలి వచ్చి మా వీపు నిమిరి పోయిందిరా అని చెప్పమన్నాడు."

ప్రేమదాసు తాపీ పక్కన పెట్టి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో, తన గురువు పక్కన కూర్చుని ఒక్క పూట భోంచెయ్యాలని ఉందని ఆదాంతోనే తిరుగు కబురు పంపాడు. నల్లమల పని ముగించుకుని ఆయన కొండకు వస్తానన్నది ఈస్టరుకు ముందురోజు, 1987 ఏప్రిల్ 18, శనివారం.