బావ పెట్టెకి బిళ్ల

మా పెద్దక్క మొగుడు, మా బావ, రొయ్యల కంపెనీ పనిమీద నెలంతా విమానాల్లోనే తిరిగేవాడు. అలా తిరిగేవాళ్లకి విమానం కంపెనీ ఇచ్చే పసుపురంగు గోల్డ్ ట్యాగు ఒకటి బావ చక్రాల పెట్టెకి వేలాడుతూ ఉండేది. అది తిరగబడితే చాలు, మాట మధ్యలో ఆపేసి మరీ, అక్షరాలు బయటికి కనపడేలా రెండు వేళ్లతో తిప్పేవాడు. శ్రీకూర్మం గుడికి కూడా ఆ పెట్టె ఈడ్చుకొచ్చాడు. దేవుడికి చూపించడానికా అని అడగబోయి, అక్క మొహం చూసి ఊరుకున్నాను.

ఓసారి ఆమదాలవలసలో ఇద్దరం నౌపడ వెళ్లే పాసింజరెక్కాం. బండి కిక్కిరిసి ఉంది. బావ మాత్రం పెట్టెని పక్క సీట్లో కూర్చోబెట్టాడు.

"కింద పెట్టు బావా, ఆ ముసలమ్మ నిలబడున్నాది."

"కింద పెడితే ట్యాగు నలిగిపోతాదిరా."

ఒళ్లు మండి నేనే లేచి ఆవిడకి చోటిచ్చాను. ఆవిడ కూర్చుని, ట్యాగుని చేత్తో పట్టుకుని చూసింది.

"ఇన్సూరెన్సు బిళ్లేటి బాబూ? మా గేదె సెవికీ ఇలాటిదే ఏసినారు."

బావ మొహం మాడిపోయింది. "ఇది గేదెలకేసేది కాదమ్మా. నేను గోల్డ్ మెంబర్ని. నాకిచ్చినారు."

"నీకిచ్చినారా? మరి పెట్టెకి కట్టినావేటి?" అంటూ ఆవిడ బావ చెవికేసి చూసింది.

రైలు కుదుపుకి ట్యాగు తిరగబడింది. బావ రెండు వేళ్లతో మళ్లీ తిప్పాడు. నౌపడ దాకా పెట్టె కూర్చునే ఉంది, నేను నిలబడే ఉన్నాను.