నగరి చీర అంచు చెప్పిన పేరు

ఆరోగ్య వార్తలు ఎలా రాయాలో తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతాను. వార్త అచ్చయ్యాక అందులోని రోగి గతి ఏమవుతుందన్నది నా పరిశోధన. వినడానికి బాగానే ఉంటుంది. అందుకోసమే మొన్న శనివారం నా విద్యార్థిని హరితను వెంటబెట్టుకుని నగరికి బయలుదేరాను. అక్కడ మరమగ్గం నడిపే ఒకామె క్షయ జబ్బు గురించి హరిత రాసిన కథనం మా శిక్షణ పత్రికలో వచ్చింది. పేరు మార్చింది, ముఖం చూపలేదు. మగ్గం మీద చేతులు, వాటి కింద సగం నేసిన చీర, అంతే ఫొటో.

ఏడు గంటలకు బస్టాండులో ఇడ్లీ తిని బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం. కార్డు మరిచిపోతే కండక్టరుతో మాట పడాలి. పొద్దున వెళ్లేవాళ్లు కుడివైపు కూర్చోండి, ఎండ తగలదు. పుత్తూరులో ఎక్కిన పెద్దామె నా పక్కన సర్దుకుని, "నగరికా? సీరలకామ్మా?" అంది. రోగిని చూడటానికన్నాను. "ఆసుపత్రులన్నీ తిరపతిలో పెట్టుకోని, రోగిని సూడను నగరికి పోతాండారా" అని నవ్వింది.

తొమ్మిదికల్లా దిగాం. వీధి మొదట్లోనే మగ్గాల మోత. టీ బంకు దగ్గర దారి అడగబోతే, హరిత మెడలోని పత్రిక కార్డు చూసి బంకాయన, "పేపర్లో పడినామె ఇల్లే గదా? ఆ సందులో ఉండాది" అన్నాడు. మేం ఇంకా పేరే చెప్పలేదు. హరిత ముఖం పాలిపోయింది.

ఆమె పేరు ఇక్కడా రాయను. తలుపు సగం తీసి, వీధి అటూ ఇటూ చూసి లోపలికి రమ్మంది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. మగ్గం మీద గుడ్డ కప్పి ఉంది.

"పేరు మార్చినాను కదక్కా, ముఖం కూడా వేయలేదు" అంది హరిత.

"ముఖం ఎవురు సూస్తారు పాపా ఈడ? అంచు సూస్తారు. పోటోలో పడిన ఆ పిట్టల అంచు, పనిచ్చే సావుకారి నాకొక్కదానికే ఇచ్చినాడు. ఫోన్లో సూసినోళ్లందురూ గుర్తుపట్టినారు. జబ్బు నూలుకు అంటుతాదంట, నూలు ఇయ్యడం మానేసినాడు."

"మరి మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగాను.

"నిలిపేసినా. ఆ కతలో ఉండేది నేను కాదని అందురికీ సెప్పినా మేడమ్. మాత్రలు ఇంటికొస్తే నేనే అని ఒప్పుకున్నట్టు గదా." చెప్పి చాలాసేపు దగ్గింది.

నా పాఠం మీద నాకే ఒళ్లు మండింది. మేం చెప్పే పాఠంలో పేరుంది, ముఖముంది, అంచు లేదు. హరిత ఏడుస్తూ మళ్లీ రాస్తానంది. "ఇంక రాయొద్దు పాపా. నీ పేరేంది?" అని అడిగి, చెప్పాక, "మంచి పేరు" అందామె. మాత్రలు మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుందని, లోపల చదువుకుంటున్న కూతురికీ అంటుతుందని చెప్పాను. కూతురి మాట రాగానే తల వంచుకుంది.

"పుత్తూరులో ఇస్తారా? ఆడ నన్నెవురూ ఎరగరు" అంది చివరికి.

అక్కడి ఆసుపత్రికి ఫోన్ చేస్తే సాయంత్రంలోపు పంపమని నర్సు చెప్పింది. "వస్తా. బస్సులో మాత్రం నా పక్కన కూసోవద్దండి" అందామె.

హోటల్లో అన్నం ముందు కూర్చుని, ఇద్దరం తినకుండానే లేచాం. మధ్యాహ్నం బస్సులో ఆమె ముందు సీటులో, కిటికీ పక్కన, ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. పుత్తూరులో మమ్మల్ని ఎరగనట్టే దిగిపోయింది. హరిత లేవబోతే చేయి పట్టుకుని ఆపాను. ఆసుపత్రికి వెళ్తుందో, తిరుగు బస్సెక్కుతుందో తెలియక, ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. నగరికి వెళ్లేవాళ్లు చీరలు కొనుక్కోండి, బాగుంటాయి. ఎవరు నేశారని మాత్రం అడగకండి.

తిరుపతి బస్టాండులోకి బస్సు తిరుగుతుండగా నర్సు సందేశం వచ్చింది. మీరు పంపినామె వచ్చింది, మాత్రలు మళ్లీ మొదలుపెట్టాం, పేరు హరిత అని చెప్పింది.

ఫోన్ హరితకిచ్చాను. చదివి, తిరిగి నా చేతిలో పెట్టింది. అందరూ దిగిపోయినా మేం సీట్లోంచి లేవలేదు.