నొగ మీద బరువు

ఆర్లిస్ టోఫర్ ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకే కిటికీ ముందు కూర్చుంది. వెర్డన్ క్రీక్ ఊరి చివర, రైతుల సంఘం గోధుమ గోదాము దగ్గర లారీలు తూచే కాటా ఉంది. ఆ కాటా గది కిటికీ అది. లారీ కాటా ఎక్కగానే ఆవిడ చూపు అంకెల తెర మీదికి పోయేది కాదు, లారీ స్ప్రింగుల మీదికి పోయేది. ముందు మనసులో ఒక బరువు అనుకునేది, ఆ తర్వాతే తెర చూసేది. కోతల కాలంలో రోజుకి వంద లారీలు వచ్చినా ఈ ఆట మానలేదు. చివరి ఏళ్ళలో ఎనభై వేల పౌన్ల లారీకి కూడా మూడొందల పౌన్లు మించి తప్పేది కాదు.

పెళ్ళి చేసుకోలేదు. ఊరు దాటి పెద్దగా వెళ్ళిందీ లేదు. అరవై మూడో ఏట ఉద్యోగం మానింది. ఆ చలికాలమే చెల్లెలు మార్వా భర్త వెర్న్ గుండెపోటుతో పోయాడు. మార్వా లింకన్‌లో ఇల్లు అమ్మేసి అక్క దగ్గరికి వచ్చేసింది. వస్తూ వస్తూ వెర్న్ నడిపిన ఎస్‌యూవీ తెచ్చుకుంది. ఎనిమిది మంది పట్టే బండి, దాదాపు ఇంటి గుమ్మమంత ఎత్తు. నలభై ఏళ్ళ తర్వాత అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే వంటగదిలో తిరుగుతుంటే మోచేతులు తగులుతూనే ఉండేవి. కాఫీ ఎంత చిక్కగా ఉండాలన్న దగ్గర్నించి కిటికీ ఎంత తియ్యాలన్న దాకా దేనికీ పొత్తు కుదర్లేదు. రెండు మంచాలూ, పొయ్యీ, స్నానాల గదీ ఉన్న బండి వెనక తగిలించి లాక్కుపోయే ఇరవై నాలుగు అడుగుల పాత ట్రైలర్ కొందామని మార్వా అన్నప్పుడు మాత్రం ఆర్లిస్ ఒక్క మాట అడ్డు చెప్పలేదు. తన కాటా మీదుగా పోయిన డ్రైవర్లు చెప్పిన ఊళ్ళు ఒక్కటీ చూడలేదన్న సంగతి ఆవిడకి అప్పుడే గుర్తొచ్చిందట.

మే నెలాఖరులో మొదటి ప్రయాణం పెట్టుకున్నారు. ఉత్తరాన బ్లాక్ హిల్స్‌లో కస్టర్ అనే ఊళ్ళో రాళ్ళు ఏరేవాళ్ళ సభ జరుగుతుంది. వెర్న్, మార్వా ఏటా వెళ్ళేవాళ్ళు.

బ్రిడ్జ్‌పోర్ట్ దాటి పది మైళ్ళు వెళ్ళారో లేదో, పడమటి గాలి ఎడమ పక్కనుంచి కొట్టడం మొదలెట్టింది. అంతలో పశువుల లారీ ఒకటి వాళ్ళని దాటుకుంటూ పోయింది. లారీ పక్కకి వచ్చేసరికి ట్రైలర్ తోక ఒకసారి అటు ఊగింది. లారీ పోగానే ఇటు ఊగింది. అక్కడితో ఆగలేదు. ఒక్కో ఊపూ ముందు దానికన్నా పెద్దదవుతూ, చివరికి ట్రైలరే ఎస్‌యూవీ తోక పట్టుకుని రోడ్డుకి అటూ ఇటూ ఆడించింది. ఆర్లిస్ భయపడి బ్రేకు తొక్కింది. ఊపు ఇంకా పెరిగింది. అప్పుడు పక్కింటి ఎల్డన్ చెప్పిన మాట తట్టి, కాలు తీసేసి, డాష్‌బోర్డు కింద ట్రైలర్ చక్రాలకి మాత్రమే బ్రేకు పడే చిన్న మీట ఉంటే దాన్ని వేలితో నొక్కింది. వెనకనుంచి ఎవరో పట్టుకుని లాగినట్టు బండి తిన్నగా సాగి, కంకర మీద ఆగింది.

మార్వా అద్దంలోంచి వెనక ట్రైలర్ వైపు చూసింది. "నీకు నడపడం చేతకాదక్కా," అంది.

ఆర్లిస్ బండి తిప్పింది. నలభై మైళ్ళ వేగం దాటకుండా వెనక్కి తోలుకొచ్చింది.

ఎల్డన్ కెస్లర్ నలభై ఏళ్ళు పశువుల లారీ నడిపి, మోకాళ్ళు పోయి ఇంట్లో కూర్చున్న మనిషి. మర్నాడు పొద్దున్నే కంచె మీద చేతులాన్చి, అదంతా ఎస్‌యూవీ స్ప్రింగులు మెత్తన కావడం వల్లేనన్నాడు. ఇలాంటివి పిల్లల్ని బడికి దింపడానికి పుట్టినవి, ట్రక్కు కొనుక్కోండన్నాడు. పెట్రోలు బంకు ఆయన ట్రైలర్ తగిలించే కొక్కెం మార్చమన్నాడు. చర్చిలో ఒకావిడ ట్రైలరే అమ్మెయ్యమంది. అందరికీ ఏం చెయ్యాలో తెలుసు. ఎందుకు ఊగిందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఆర్లిస్‌కి నిద్ర పట్టనివ్వంది ఆ ఎందుకే.

గోధుమ కోతలకి ఇంకా ఐదు వారాలుంది. కాటా ఖాళీ. గోదాము మేనేజరుని అడిగి, సోమవారం పొద్దున్నే ఎస్‌యూవీని ట్రైలర్‌తో సహా అక్కడికి తోలుకెళ్ళింది. వద్దన్నా ఎల్డన్ మడత కుర్చీ ఒకటి చంకన పెట్టుకుని వెంట వచ్చాడు.

ముందు ఎస్‌యూవీని ఒక్కదాన్నే తూచింది. ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత, విడివిడిగా. తర్వాత ట్రైలర్ తగిలించి, దాని చక్రాలు కాటా అంచు బయట ఉండేలా నిలబెట్టి మళ్ళీ తూచింది. ఈసారి ఎక్కువ తేలిందంతా ట్రైలర్ ముందుకి పొడుచుకొచ్చే నొగ ఎస్‌యూవీ కొక్కెం మీద పెట్టిన బరువన్నమాట. ఆవిడ మనసులో ఏడొందల పౌన్లు అనుకుంది. తెర మీద నాలుగొందల అరవై వచ్చింది. తర్వాత ట్రైలర్‌ని కూడా కాటా ఎక్కించి దాని మొత్తం బరువు చూసింది.

ఆర్లిస్ గదిలోంచి బయటికొచ్చి ట్రైలర్ చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"ఏం, కళ్ళజోడు మార్చాలా?" అన్నాడు ఎల్డన్.

"ఆరు వేల మూడొందల అరవై పౌన్ల ట్రైలర్. నొగ మీద వందకి పన్నెండు పాళ్ళయినా ఉండాలి. ఏడే ఉంది. నొగ తేలికై తోక బరువైతే ఊగక ఏం చేస్తుంది? అంటే వెనకెక్కడో నాకు తెలియని బరువుంది."

అలా అంటున్నప్పుడు ఆవిడ మొహం వెలిగిపోయిందని ఎల్డన్ తర్వాత అందరికీ చెప్పాడు. తప్పు లెక్కేసినందుకు అంత సంతోషించిన మనిషిని తానెక్కడా చూడలేదట.

వెనకున్న నీళ్ళ ట్యాంకు సంగతి ఆవిడకి తెలుసు. నిండా ఉంటే మూడొందల ముప్ఫై పౌన్లు. అది ముందే లెక్కలో వేసుకుంది. మిగతాది ఎక్కడుందోనని అలమరాలన్నీ తీసి చూసింది. చివరికి వెనక గోడవారన ఉన్న మార్వా మంచం పరుపెత్తింది. కింద పెట్టెలో కాఫీ డబ్బాలు, ఇరవై రెండు. ఒక డబ్బా మూత తీస్తే, మగవాళ్ళ ఊలు మేజోళ్ళలో చుట్టిన రాళ్ళు. ఒకటి వెలుతురుకి పట్టుకుంది. పైన మట్టిరంగు తొక్క, కోసిన వైపు ఎరుపూ తెలుపూ చారలు, ఉల్లిపాయ పొరల్లా.

మధ్యాహ్నం ఇంటికొచ్చి ఆ రాయి తెచ్చి వంటగది బల్ల మీద పెట్టింది. మార్వా రొట్టె కోస్తున్న చాకు పక్కన పెట్టేసింది.

"చెబితే తూస్తావని చెప్పలేదు," అంది.

"తూస్తే ఏమైంది?"

"ఆయన ఏరినవే అవన్నీ. ఇరవై ఆరేళ్ళు. నేను కడిగేదాన్ని, ఆయన కోసేవాడు. ఎవరికి ఏ డబ్బా ఇవ్వాలో ముందే చీటీ రాసిపెట్టుకున్నాడు. నువ్వు తూచి ఇన్ని పౌన్లు అంటావ్. బరువెక్కువ, సగం దింపెయ్ అంటావ్. అది నీ నోట వినదల్చుకోలేదక్కా."

ఆర్లిస్ రాయి మళ్ళీ చేతిలోకి తీసుకుని, "ఎంతున్నాయో నీకు తెలుసా?" అనడిగింది.

"రెండొందల ఎనభై. స్నానాల గదిలో బరువు చూసుకునే మిషను మీద పెట్టి చూశా," అంది మార్వా. అని, ఏడుస్తూనే నవ్వేసింది.

"దింపమని నేననను. ఎక్కడ పెట్టాలో చూద్దాం పద. ఆ రోజు బ్రేకు తొక్కింది నేను. సగం తప్పు అక్కడుంది."

ఆ వారమంతా ముగ్గురూ కాటా దగ్గరే ఉన్నారు. మార్వా క్యాబేజీ, మాంసం కూరిన బన్నులు చేసి తెచ్చేది. నీళ్ళ ట్యాంకు ఖాళీ చేశారు. దిగే చోట నీళ్ళు దొరుకుతాయి, మోసుకుపోవడం దేనికని. కాఫీ డబ్బాలు ట్రైలర్ చక్రాలకి ఒక అడుగు ముందు, లోపల నేలకి ఆనేలా సర్ది తాళ్ళతో కట్టారు. మళ్ళీ తూస్తే నొగ మీద ఏడొందల అరవై. వందకి పన్నెండున్నర పాళ్ళు.

అంతా అయిందనుకుంటే, ఎస్‌యూవీ తోక కుంగి ముక్కు పైకి లేచింది. "చెప్పానా, మెత్తటి స్ప్రింగులని," అన్నాడు ఎల్డన్ కుర్చీలోంచి. ముందు ఇరుసు తూస్తే దాదాపు మూడొందల డెబ్భై పౌన్లు తగ్గి ఉంది. నొగ వెనక బరువు పెడితే ముందు ఎందుకు తగ్గాలి? ఆర్లిస్ ఎల్డన్‌ని కుర్చీలోంచి లేపి, పొడుగాటి చెక్క పలక ఒక కొసన కూర్చోబెట్టి, కింద ఇటుక పెట్టి జరిపి చూసింది. ఆయన వైపు కుంగితే రెండో కొస పైకి లేచింది. వెనక చక్రాలే ఇటుక. కొక్కెం ఇటుకకి అవతల వేలాడే బరువు. ఎల్డన్ పలక మీద కుదురుగా కూర్చోలేక తిట్టుకున్నా, సంగతి ఆయనకీ అర్థమైంది. తిప్పే చక్రాల మీద అంత బరువు తగ్గితే గాలికి బండి మాట వినదు.

ట్రైలర్‌తో పాటు రెండు ఉక్కు కడ్డీలు వచ్చాయి. కొక్కెం దగ్గర గుచ్చి, రెండో కొస గొలుసుతో నొగకి బిగించాలి. బిగించిన కొద్దీ వెనక బరువులో కొంత తీసి ముందు ఇరుసుకీ, ట్రైలర్ చక్రాలకీ పంచుతాయి. అమ్మినవాళ్ళు ఏ లంకె మీదో ఏదో ఒకటని వేలాడదీసి వదిలేశారు. ఆర్లిస్ ఒక్కో లంకె బిగించడం, ముందు ఇరుసు తూచడం. ముందు చక్రం పైనున్న రేకు అంచు నేలకి ఎంత ఎత్తుందో మార్వా టేపు పెట్టి కొలిచి అరిచి చెప్పేది. మూడో లంకెకి రెండొందల డెబ్భై పౌన్లు తిరిగొచ్చాయి. ఇంకొక్కటి బిగిస్తే ఏమవుతుందని మార్వాయే అడిగింది. బిగించి చూస్తే ముందు బరువు మామూలుకన్నా మించిపోయింది. మళ్ళీ ఒకటి వదిలారు. ట్రైలర్ ముక్కు ఇంకా పైకే ఉందని నొగ కూర్చునే కొక్కెం గుండు ఒక అంగుళం దించారు. ఎస్‌యూవీ వెనక టైర్లలో గాలి తలుపు అంచున రాసున్నంత నింపారు. ట్రైలర్ బ్రేకు ఎంత గట్టిగా పట్టాలో కంకర మీద పదిసార్లు ఆపి చూసి సరిచేశారు.

జూన్ రెండో వారంలో గాలి బాగా ఉన్న రోజు చూసుకుని బయల్దేరారు. వెనక సీట్లో ఎల్డన్. తన స్ప్రింగుల మాట తప్పో ఒప్పో కళ్ళారా చూడాలని వచ్చాడు. ఆర్లిస్ మార్వా చెయ్యి పట్టుకుని మీట మీద పెట్టి, ఊగితే నొక్కమంది. అదే రోడ్డు. రెండు లారీలు ఒకదాని వెనక ఒకటి దాటిపోయాయి. ట్రైలర్ ఒక్కసారి పక్కకి ఒరిగినట్టై, వెంటనే సర్దుకుని వెనకాల నడిచొచ్చింది. మార్వా వేలు కదల్లేదు.

ఎల్డన్ వెనక్కి జారబడి, "స్ప్రింగులు మరీ అంత మెత్తనేం కాదులే," అన్నాడు.

వారం తర్వాత అక్కాచెల్లెళ్ళిద్దరే కస్టర్ వెళ్ళారు. రాళ్ళ సభ ఎప్పుడో అయిపోయింది. మార్వా చీటీ చేతపట్టుకుని ఇల్లిల్లూ తిరిగి డబ్బాలు ఇచ్చింది. ప్రతి ఇంట్లోనూ కూర్చోబెట్టి రూబార్బ్ అనే పుల్లటి కాడలతో చేసిన తీపి రొట్టె పెట్టి, వెర్న్ గురించి గంటలు గంటలు చెప్పారు. ఆర్లిస్‌కి తెలియని వెర్న్ అతను. రాయి కోసం పాము పుట్ట దగ్గర సాయంత్రం దాకా కూర్చున్నవాడు, ఏ పసివాళ్ళు అడిగినా మంచి రాయే ఇచ్చేసేవాడు.

తిరుగు ప్రయాణంలో మార్వా నడుపుతానంది. ఆర్లిస్ పక్కన కూర్చుంది. చెల్లెలు తన కోసం ఉంచుకున్న రాయిని ఆర్లిస్ ఒళ్ళో పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తూ, ఈ చారలు ఎలా పడతాయనడిగింది. రాతిలో బొరియ ఉంటే నీళ్ళు ఊరి, ఒక్కో పొరా లోపలి గోడకి పట్టుకుంటుందని మార్వా చెప్పింది.

"ఒక పొర పట్టడానికి ఎన్నాళ్ళు?"

"ఏమో. ఆయనకి తెలిసుండేది. నేనెప్పుడూ అడగలేదు."

ఆర్లిస్ రాయిని ఇంకోసారి వెలుతురుకి పట్టుకుంది.

"దారిలో షాడ్రన్ ఊళ్ళో కాలేజీ ఉంది కదా," అంది ఆర్లిస్. "రాళ్ళ చదువు చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటారేమో."

మార్వా అద్దంలో ట్రైలర్ వెనక ఎవరూ లేరని చూసుకుని, వేగం తగ్గించి, షాడ్రన్ వైపు వెడల్పుగా మలుపు తిప్పింది. కాలేజీ ముందు కార్లు నిలిపే చోట అడ్డంగా ఆరు కార్ల జాగా ఆక్రమించి ఆపింది. ఇద్దరూ దిగి లోపలికి నడిచారు.