సమ్మెలో దిగిన బీపీ

ఎల్బీనగర్‌లో మా ఇంటి పై పోర్షన్‌లో అంతయ్య ఉంటాడు. నల్గొండ పల్లె నుంచి వచ్చి, పద్దెనిమిదేళ్ళు దిల్‌సుఖ్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ మధ్య సిటీ బస్సు నడిపాడు. మనిషి నెమ్మదస్తుడే, బీపీకే నెమ్మది లేదు. ఎప్పుడు చూసినా నూట ఎనభై. అందులో సగం నేను పంపిన ఆవకాయ చలవేనని ఇప్పటికీ నా మనసు పీకుతుంది.

చైతన్యపురిలో ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళిందీ నేనే. ఆయన చూర్ణం ఇచ్చాడు. ఉప్పూ పచ్చళ్ళూ తగ్గించమన్నాడు. రోజూ నడక, అరికాళ్ళకు నువ్వుల నూనె, పెందలాడే నిద్ర. ఇంగ్లీషు మాత్రలు మాత్రం మానొద్దని రెండుసార్లు చెప్పాడు. వేళాపాళా లేని డ్యూటీలో పెందలాడే నిద్ర ఎక్కడిది? మాత్రలూ చూర్ణమూ తప్ప ఏదీ సాగలేదు.

రెండు వేల పదకొండులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. అంతయ్య పగలు డిపో ముందు దీక్షలో కూర్చునేవాడు, సాయంత్రం నడిచేవాడు, తొమ్మిదికల్లా పడుకునేవాడు. భార్య యాదలక్ష్మి అరికాళ్ళకు నూనె రాసేది. పొద్దున్నే మా వరండాలో చెయ్యి చాపితే నేను బీపీ మిషన్ కట్టేదాన్ని. నెల తిరిగేసరికి నూట ముప్పైకి దిగింది. మాది తెనాలి. అయినా వాళ్ళ సమ్మెకు లోపల్లోపల దండం పెట్టుకున్నాను.

సమ్మె ముగిసి డ్యూటీ ఎక్కిన మూడో రోజు మిషన్ నూట తొంభై చూపించింది.

"మాత్ర వేసుకున్నావా తమ్ముడూ?"

"గవి బంద్ జేసి ఇరవై రోజులైతుంది సూర్యప్రభక్కా. చూర్ణంతోనే తగ్గింది గద."

"తగ్గింది బస్సు ఎక్కకపోబట్టి. ఇవాళ డ్యూటీ మానెయ్యి, డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"నెల దినాలు బండ్లు లేక జనం పరేషానైన్రు. ఇప్పుడు సెలవంటే ఎట్లిస్తరు?"

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాను. ఈయన ఏటి నడుమే తగలేశాడు. నాకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది. యాదలక్ష్మి పైనుంచి పాత మాత్ర తెచ్చి ఇస్తే, "టిఫిన్ జేసి ఏసుకుంట" అని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర కుడిచెయ్యి స్టీరింగు మీంచి జారిపోయింది. ఎలాగో బస్సును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. లోపలివాళ్ళెవరికీ చిన్న దెబ్బ కూడా తగల్లేదు. దవాఖానలో పక్షవాతం అన్నారు. విప్పిన ఖాకీ చొక్కా జేబులో మాత్ర అలాగే ఉంది.

ఇప్పుడు మాత్రలూ చూర్ణమూ రెండూ తప్పడం లేదు. చప్పిడి కూడు, నూనె, నిద్ర, అన్నీ వైద్యుడు చెప్పినట్టే సాగుతున్నాయి. పొద్దున్నే యాదలక్ష్మి భుజం పట్టుకుని మెట్లు దిగి, ఎడమచెయ్యి చాపుతాడు.

"ఎంతుందక్కా?"

"నూట ముప్పై."

"మంచిగనే ఉంది గద. ఇగ డ్యూటీకి పోవచ్చా?"

రోజూ ఇదే అడుగుతాడు. చేతికి కట్టిన మిషన్ పట్టీ విప్పడానికి నాకు చాలాసేపు పడుతుంది.