పట్టీ మీద కదలని అంకె

ఆర్మూర్‌లో పసుపు సీజన్ వచ్చిందంటే మా ఇంట్లో అందరూ కింద, నేనొక్కదాన్నే పైన. కింద మా ఆయన కమీషన్ దుకాణం, పైగదిలో నా ఉద్యోగం. హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే సర్వర్లు చూస్తుంటాను. కిటికీ తీస్తే పసుపు దుమ్ము, మూస్తే ఉక్క. కీబోర్డు సందుల్లో కూడా పసుపే. "వదినమ్మ కంప్యూటర్‌కు రోజూ పూజ చేస్తదా ఏంది?" అని మా ఆయన స్నేహితులు ఎగతాళి చేస్తుంటారు.

నా పనంతా నల్లటి తెర మీదే. బొమ్మలుండవు, బటన్లుండవు, ఉత్త అక్షరాలే. ఆ ఒక్క తెరనే నాలుగైదు గదులుగా పంచి, ఒక్కో గదిలో ఒక్కో పని నడిపించుకోవడానికి టీమక్స్ అనే సాధనం వాడతాను. దాని అడుగున సన్నటి పట్టీ ఒకటి ఉంటుంది, స్టేటస్ బార్ అంటారు. మామూలుగా అందులో టైమూ తారీఖూ కనిపిస్తాయి. ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి తగిలిస్తే మనకు కావలసింది పెట్టుకోవచ్చు. కొందరు వాతావరణం పెట్టుకుంటారు, కొందరు క్రికెట్ స్కోరు. నేను మా పాప షుగర్ పెట్టుకున్నాను.

పాపకు టైప్ వన్ షుగర్. ఇప్పుడు నాలుగో తరగతి. చేతికి అంటించిన సెన్సర్ షుగర్ అంకెను స్కూలు బ్యాగులో ఉండే చిన్న ఫోన్‌కు పంపుతుంది, ఆ ఫోన్ నెట్‌కు పంపుతుంది, అక్కడి నుంచి నా పట్టీ మీదికి వస్తుంది. షుగర్ పెరిగితే సర్దుకునే వ్యవధి ఉంటుంది. పడిపోతేనే భయం. ముందు చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, తర్వాత మాట తడబడుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో దవాఖానలో డాక్టరమ్మ ఒక్కసారే చెప్పింది. రెండోసారి అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ప్లగిన్ పెట్టిన కొత్తలో, ఫోన్‌కు సిగ్నల్ అందనప్పుడల్లా పాప పేరు పక్కన అంకెకు బదులు రెండు గీతలు వచ్చేవి. ఒకరోజు చాయ్ ఇవ్వడానికి పైకి వచ్చిన అత్తమ్మ కంట అవి పడ్డాయి.

"గదేంది, పిల్ల పేరు పక్కన గట్ల ఖాళీ గీతలు?"

"సిగ్నల్ లేదత్తమ్మా. జర సేపైతే వస్తది."

"వచ్చినప్పుడు వస్తది తియ్. గప్పటిదాంక పాతదే ఉండనియ్యరాదు? పిల్ల పేరు పక్కన ఖాళీ మంచిది కాదు."

మా ఇంట్లో ఇది నవ్వి కొట్టిపారేసే మాట కాదు. డబ్బాలో పసుపు అడుగంటితే నిండుకుందంటాం గాని లేదనం. సరుకంతా లారీ ఎక్కినా గోదాం పూర్తిగా ఊడ్వం, మూలకు పిడికెడు కొమ్ములు వదిలేస్తాం. పైగా ఆ గీతలు వచ్చినప్పుడల్లా నేనూ పని ఆపి వాటి వంకే చూస్తూ కూర్చునేదాన్ని. ప్లగిన్‌ను నడిపే స్క్రిప్టులో ఒక్క లైను చేర్చాను. కొత్త అంకె రాకపోతే పాత అంకెనే చూపించమని. గీతలు పోయాయి. అత్తమ్మ మనసు చల్లబడింది. నేను ఆ లైను సంగతే మర్చిపోయాను.

ఆ రోజు పొద్దున పాపను స్కూలు వ్యాన్ ఎక్కించి, నా ఫోన్‌ను కింద అత్తమ్మ గదిలో చార్జింగ్‌కు పెట్టి పైకి వచ్చాను. పని మొదలుపెట్టే ముందు ప్లగిన్లన్నీ అప్‌డేట్ చేశాను. పట్టీ మీద 124. చక్కటి అంకె. పనిలో పడ్డాను. మధ్యలో చూస్తే 124. ఈ రోజు ఎంత బుద్ధిగా ఉందో నా తల్లి అని మురిసిపోయాను కూడా. ఇంకాసేపటికి చూస్తే, మళ్లీ 124.

పిల్లల షుగర్ ఒకచోట నిలబడదు. అదీ పిల్లల్లాంటిదే. సన్నగా అనుమానం మొదలైంది.

నా బుద్ధి ఎటు పోయిందో చూడండి. పాపకేమైనా అయిందా అని కాదు, ప్లగిన్‌కేమైనా అయిందా అని వెతకసాగాను. పొద్దున చేసిన అప్‌డేట్ మీద నెపం పెట్టాను. సెట్టింగులు మళ్లీ లోడ్ చేశాను. పట్టీ ఒకసారి మాయమై తిరిగొచ్చింది. 124. అమ్మయ్య అనుకున్నాను. మరుక్షణమే గమనించాను. పక్కనే గడియారంలో నిమిషాలు మారుతున్నాయి. పట్టీ బతికే ఉంది. పాప అంకె ఒక్కటే కదలడం లేదు.

అప్‌డేట్ తీసేసి పాత ప్లగిన్ పెట్టాను. 124. విసుగొచ్చి టీమక్స్‌ను మొత్తం చంపేశాను. గదులన్నీ మూసుకుపోయాయి, కంపెనీ పనులు సగంలో తెగిపోయాయి, పోతే పోనీ. మళ్లీ తెరిచాను. ఖాళీ తెర, కింద కొత్త పట్టీ. అందులో టక్కున 124.

అప్పుడు తట్టింది. ఇప్పుడే పుట్టిన పట్టీ, ఇంకా నెట్‌ను ఏమీ అడగనే లేదు. మరి ఈ అంకె ఎక్కడి నుంచి తెచ్చింది?

స్క్రిప్టు తెరిచాను. నా లైను కనిపించింది. నా చేతి రాతంత స్పష్టంగా. కొత్తది రాకపోతే పాతది. ఆ పాత అంకె దాచుకునే ఫైలులో చివరిసారి అంకె ఎప్పుడు మారిందో చూశాను. పొద్దున, స్కూలు మొదటి గంట వేళ. ఇప్పుడేమో అన్నం గంట కొట్టే వేళ. ఇంతసేపూ నేను కళ్లల్లో వత్తులు వేసుకుని కాపలా కాసింది పొద్దుటి అంకెకు.

మెట్లు ఎలా దిగానో తెలియదు. అత్తమ్మ గదిలో ఫోన్ తీస్తే తెర నిండా ఒకటే మాట, వరసగా, కిందిదాకా: సిగ్నల్ అందడం లేదు. పాపం అది మోగీ మోగీ అలసిపోయి ఉంటుంది. వాకిట్లో లారీ చప్పుడులో ఎవరికి వినిపిస్తుంది?

"ఏమైందే? మొఖం గట్లయ్యింది?" అత్తమ్మ ఎదురొచ్చింది.

"పాపది తెలుస్తలేదత్తమ్మా. పొద్దటిసంది తెలుస్తలేదు."

స్కూలుకు ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తేవాళ్లు లేరు. స్కూటీ తీశాను. సందు చివర పసుపు బస్తాల ట్రాక్టర్ ఒకటి అడ్డంగా తిరుగుతోంది, ముందుకూ రాదు, వెనక్కూ పోదు. "అన్నా, జర జరుగు! నా బిడ్డ!" అని అరిచాను. ఇంకే మాటా నోట్లోంచి రాలేదు. నా మొహంలో ఏం చూశాడో, డ్రైవర్ ట్రాక్టర్ ఆపేసి తనే దిగి, గోడ వారన పేర్చిన బస్తాలు పక్కకు నెట్టి స్కూటీకి దారిచ్చాడు. దారంతా దేవుళ్లను బతిమాలాను. ఆ 124 నిజమే అయ్యుండాలని, ఈ ఒక్కసారికి ఆ అబద్ధం నిజం చెయ్యమని. ఇంత చదువుకుని అడగాల్సిన కోరికేనా అది? అడిగాను.

స్కూల్లో వరండా పొడుగునా బ్యాగులు వరసగా గోడకు ఆనించి ఉన్నాయి. చూడగానే అర్థమైంది. పరీక్ష. కాపీ కొట్టకుండా బ్యాగులన్నీ బయట పెట్టించారు. పాప బ్యాగు కూడా అందులోనే ఉంది. ఫోన్ అందులో, గ్లూకోజ్ పొడి అందులో. పాప ఒక్కతే లోపల, చేతి సెన్సర్ ఆ ఫోన్‌కు అందనంత దూరంలో.

రెండో వరసలో ఉంది. బల్ల మీద తల వాల్చి. నుదుటి వెంట్రుకలు తడిసి అతుక్కుపోయి ఉన్నాయి. కొత్తగా వచ్చిన సారు నా వెనకాలే వచ్చాడు.

"రాసుడయిపోయి పండుకున్నదనుకున్న మేడం."

పేరు పెట్టి పిలిచాను. కళ్లు తెరిచింది, కానీ నన్ను కాదు చూసింది, నా వెనక ఎక్కడికో చూసింది. పై ప్రాణాలు పైనే పోయాయి. బ్యాగు తెప్పించి, అందులోని మీటరుతో వేలు గుచ్చి చూస్తే 46. డెబ్బైకి తగ్గకూడదు. గ్లూకోజ్ పొడిని నీళ్లలో కలిపి కొంచెం కొంచెం మింగించాను. సగం నా చీర మీదే పోయింది. అది మింగిన ప్రతి గుటకనూ నేనూ దానితోపాటు మింగాను. ఎంతసేపటికో దాని చూపు వచ్చి నా మొహం మీద నిలిచింది. "మమ్మీ" అంది. సారు కుర్చీలో కూలబడ్డాడు.

ఒళ్లో కూర్చోబెట్టుకుని, కోపం ఆపుకోలేక అడిగాను. "చేతులు వణుకుతుంటే సారుకు చెప్పొద్దా? నీకు తెలుస్తది గదా?"

"తెలిసింది." నిద్ర మొహంతో, నేనే ఏదో తెలియక అడిగినట్టు చెప్పింది. "గానీ నువ్వు చూస్తున్నవ్ గదా మమ్మీ. షుగర్ తగ్గితే నువ్వు స్కూలుకు ఫోన్ చేస్తవ్. నువ్వు చెయ్యలే. మంచిగనే ఉన్నదనుకున్న."

దాని నుదురు కొంగుతో తుడిచి, బ్యాగు భుజాన వేసుకుని, దాన్ని ఎత్తుకున్నాను.

ఇంటికి రాగానే ఆ లైను తీసేశాను. మర్నాటి నుంచి మళ్లీ గీతలు రావడం మొదలైంది. వచ్చినప్పుడల్లా నాకు ముచ్చెమటలు పడతాయి. అత్తమ్మ చాయ్ తెచ్చి పట్టీ వంక చూస్తుంది. తీసెయ్యమని అనదు. కప్పు బల్ల మీద పెట్టి, "ఫోన్ చేసినవా?" అని అడుగుతుంది. నేను చేసి, పాప గొంతు వినేదాకా కిందికి దిగదు.

గ్లూకోజ్ ప్యాకెట్ ఇప్పుడు బ్యాగులో కాదు, పాప గౌను జేబులో ఉంటుంది. అది పెట్టింది నేను కాదు, పాపే. మొన్న వ్యాన్ ఎక్కుతూ జేబు తట్టి చూపించింది.

"గీతలొస్తే ఫోన్ చేస్తా," అన్నాను.

"చెయ్యకున్నా మంచిదే మమ్మీ. నేనే తింట."

సంతోషించాల్సిన మాటే. సంతోషించాను కూడా. వ్యాన్ మలుపు తిరిగేదాకా వాకిట్లోనే నిలబడ్డాను. నాలుగో తరగతికే నా బిడ్డ నన్ను నమ్ముకోవడం మానేసింది.