మన చాలు, వీళ్ల చాలు

మా తెలుగు బడి సాంఘికశాస్త్రం సారు పోయారని పోయిన నెల పొద్దున్నే ఫోనొచ్చింది. అమ్మ కరోనా వార్డు నుంచి ఇంటికొచ్చి అప్పటికి రెండు రోజులే. ఆమెకు చెప్పడానికి సాయంత్రం దాకా నాకు ధైర్యం చాలలేదు.

సూరత్‌లో మగ్గాలు నడిపేవాళ్ల పిల్లలం మేం. సగంమందిమి తెలంగాణ నేల తొక్కి ఎరగం. సారు బోర్డు మీద పైన గోదావరి, కింద కృష్ణ గీసి, ఈ రెంటి నడుమ ఎన్ని భాషలున్నాయని అడిగేవారు. తెలుగొక్కటే అన్నవాడికి గోడకుర్చీ.

"ఉర్దూ ఏడవోయింది? గోండి, కోయ, లంబాడీ ఏడవోయినయ్‌రా? మీ అవ్వ మాట్లాడకుంటే అది భాష కాదా?"

ఆయన సుద్దముక్క పట్టేది మూడు వేళ్లతోనే. బడికి రాకముందు ఖటోదరా పేటలో కరెంటు మగ్గం మీద పనిచేశారు. ఓసారి చక్రాల్లో చెయ్యిపెట్టి దారం తీస్తూ, చేత్తో చక్రం తిప్పుతున్న తోటి గుజరాతీ పనివాడితో ఇక ఆపమని 'చాలు' అన్నారట. వాళ్ల భాషలో చాలు అంటే నడుస్తున్నట్టు, నడపమన్నట్టు. అతను స్విచ్ వేశాడు, రెండు వేళ్లు పోయాయి.

"పటంల గీత ఉంటది బిడ్డా, చెవుల ఉండదు" అనేవారు సారు. మేం నవ్వేవాళ్లం.

వార్డులో అమ్మది, సారుది పక్కపక్క మంచాలు. నేను గేటు బయట, అమ్మ ఫోన్‌కు వీడియో కాల్ చేసి చూస్తూ నిలబడ్డాను. అమ్మకు సిలిండర్ మార్చారు. నర్సు దూరం నుంచే అడిగింది: "ఆక్సిజన్ చాలు ఛే నే, మాసీ?"

అమ్మకు అందులో ఒక్క మాటే అర్థమైంది. "చాలమ్మా, చాలు" అని తలూపింది. నర్సు వెళ్లిపోయింది. చిన్నప్పటి నుంచీ గుజరాతీ మాట్లాడే నేను కూడా, హమ్మయ్య అనుకున్నాను.

కాసేపటికి అమ్మ పెదాలు నల్లబడ్డాయి. ఫోన్‌లో అరిచాను, ఎవరికీ వినపడలేదు. అంతలో సారు తన మాస్కు లాగేసి కేక వేశారు.

"చాలు నథీ, బంధ్ ఛే! బంధ్ ఛే!"

అమ్మ సిలిండర్‌కున్న నీళ్ల సీసాలో బుడగలు లేవని, ఆక్సిజన్ నడవడం లేదని, ఆగిపోయిందని ఆయన చూశారు. నర్సు పరుగెత్తుకొచ్చి సిలిండర్ వాల్వు తిప్పింది. దగ్గు తెరలు ఆగాక సారు అమ్మవైపు తిరిగి, "తెల్వకుంటే తలకాయ ఊపకు చెల్లె" అన్నారు. ఆ తర్వాతే మాస్కు వెతుక్కున్నారు.

మాస్కు తీసిన ఆ కాసేపటి వల్ల కాదు, సారు ఊపిరితిత్తులు ముందే పాడయ్యాయన్నారు డాక్టర్లు. నేను నమ్మాలనుకుంటున్నాను. అమ్మ నమ్మలేదు. ఫోనొచ్చిన నాటి సాయంత్రం సారు పోయారని చెబితే, "నా మాటే గదా బిడ్డా" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఈ నెల రోజులుగా కంచంలో అన్నం పెడుతుంటే అమ్మ చాలు అనడం లేదు. చెయ్యి అడ్డం పెడుతోంది. నిన్న నేను చూసుకోక, వేడి పప్పు ఆమె వేళ్ల మీదే పోశాను. అప్పుడు కూడా అనలేదు.